మూడో ల్యాబ్

గడ్డం గీయించుకోవడానికి కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలిన మనిషి మళ్ళీ కళ్ళు తెరవలేదు.

మిట్టమధ్యాహ్నం. సెలూన్‌లో ఫ్యాన్ కిర్రుమంటూ తిరుగుతోంది. రేడియోలో వాతావరణ సమాచారం వస్తోంది. పక్క కుర్చీలోని ముసలాయన అద్దంలోకి చూసేసరికి అవతలి మనిషి గడ్డం మీద తెల్లటి నురగ ఎర్రగా మారుతోంది. ఆ రోజే పనిలో చేరిన బార్బర్ కత్తి తుడిచాడు, తువ్వాలు మడతపెట్టాడు, కస్టమర్ లోపలి జేబులోంచి ఫిల్మ్ రోల్ ఒకటి తీశాడు. పరుగెత్తలేదు. కిటికీ దగ్గర నిలబడి ఫిల్మ్‌నంతా బారలు బారలుగా ఎండలోకి లాగాడు. దాన్ని తెచ్చి శవం ఛాతీ మీద కుప్పగా పోసి, తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళిపోయాడు.

వెలుతురు తగిలిన ఫిల్మ్‌లో ఒక్క బొమ్మ కూడా మిగల్లేదు.

"వీడు మూడోవాడు," అన్నాడు చీఫ్, గోళ్ళు కత్తిరించుకుంటూ.

డిపార్ట్‌మెంట్ ఆఫీసు బయటికి మాత్రం బాత్‌రూమ్ టైల్స్ షోరూమ్. దాని వెనకున్న లిఫ్ట్ పైకి వెళ్ళదు, కిందికే వెళుతుంది. ఆ కింది గదిలో చీఫ్‌కి ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని అందరూ మౌని అంటారు. అసలు పేరు ఫైల్లో ఉంది. ఆ ఫైలు చదివే అధికారం ఉన్నవాళ్ళకి కూడా అది గుర్తుండదు. ఎంత అవసరమో అంతే మాట్లాడతాడు, అందులోనూ సగం మింగేస్తాడు.

"డిజిటల్‌గా ఏం పంపినా గాల్లోనే పట్టేస్తున్నారు," అన్నాడు చీఫ్. "అందుకే సరిహద్దు అవతలున్న మన కొరియర్లకి పాత ఫిల్మ్ కెమెరాలిచ్చాం. ఫిల్మ్‌ని హ్యాక్ చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. కానీ దాన్ని ఎక్కడో ఒకచోట కడగాలిగా. మన డార్క్‌రూమ్ ఎప్పుడో మూసేశాం. అందులో ఇప్పుడు జెరాక్స్ మెషిన్ ఉంది."

"బయటిస్తున్నాం."

"మూడు ల్యాబ్‌లకి, మార్చి మార్చి. ఈ రోజుల్లో సరదాకి ఫిల్మ్ కెమెరా మెళ్ళో వేసుకు తిరిగేవాళ్ళకి లోటు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరనుకున్నాం. రోల్‌లో మొదటి ఫోటో మాత్రం కొరియర్ తన మొహం తానే అద్దంలో తీసుకోవాలి. ఎవరు పంపారో మనకి తెలియాలని. ఆ రూలు పెట్టింది నేనే." నెయిల్ కట్టర్ ఒక్క క్షణం ఆగింది. "ఏదో ఒక ల్యాబ్ ఆ మొహాల్ని ప్రిజంకి అమ్ముతోంది. ఒకసారి ఫిల్మ్ తెచ్చినవాడు రెండోసారి బతికి రావట్లేదు."

ప్రిజం అవతలి దేశపు గూఢచారి ముఠా. శాంతి చర్చల పేరెత్తితే ఒంటికి కారం రాసినట్టు ఎగిరిపడేవాళ్ళు దాన్ని నడుపుతున్నారు.

"చర్చలకి వాళ్ళ ప్రతినిధి ఓడలో వస్తున్నాడు. మన రేవులో అడుగుపెట్టగానే ఆయన్ని కాల్చేస్తే నేరం మన నెత్తిన పడుతుంది. మర్నాడు యుద్ధం. ఆ పని దర్జీకి అప్పగించారు. షార్ప్‌షూటర్. ఒక్క కుట్టుతో పని ముగిస్తాడని ఆ పేరు. మొహం మాత్రం ఎవరికీ తెలీదు. దర్జీ గురి చూసుకుంటుండగా మన కొత్త కొరియర్ ఫోటోలు తీశాడట. ఆ రోల్ దారిలో ఉంది. అది వచ్చేలోపు నాకు నమ్మకమైన ల్యాబ్ కావాలి."

"మూడింటినీ పరీక్షించాలి."

"మూడోది మనదే. నడిపేది పగడం. మన తరఫున ప్రిజంలో చేరి, అప్పుడప్పుడూ సరిహద్దు దాటి వెళ్ళొస్తూ, వాళ్ళ గుట్టు మనకి చేరవేస్తున్న మనిషి. అయినా రూలు రూలే. ముందు నువ్వు ఫోటోలు తియ్యడం నేర్చుకో. చేతకానివాడు ల్యాబ్‌ల చుట్టూ తిరిగితే ఇట్టే తెలిసిపోతుంది."

రైఫిల్ విప్పి బిగించడం మౌనికి కళ్ళు మూసుకుని చేసే పని. కెమెరా అంత తేలిగ్గా లొంగలేదు. మొదటి రోల్‌లో ఒక్క ఫోటో పడలేదు. ఫిల్మ్ కొస చక్రానికి పట్టకుండానే మూత వేసేసి, ఊరంతా తిరిగి ఖాళీగా క్లిక్కులు నొక్కుకొచ్చాడు. రెండో రోల్‌లో మనుషులందరూ బొగ్గులో ముంచి తీసినట్టున్నారు. మూడోదాంట్లో తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. మెళ్ళో కెమెరా, తలకి నూలు టోపీ, భుజాన గుడ్డసంచీతో రిటైరైన గుమస్తా వేషం మాత్రం బాగా కుదిరింది.

మొదటి ల్యాబ్ రైల్వే స్టేషన్ ఎదురుగా ఉంది. అక్కడి యజమాని ఫిల్మ్‌ని బూడిద గుమ్మడికాయలా తూచి చూసి, యంత్రంలో పడేసి, ఒంటినిండా గీతలతో తిరిగిచ్చాడు. "గీతలు మీ కెమెరావండీ," అని దబాయించాడు. రెండో ల్యాబ్ ఒక మందుల షాపు వెనకగది. అక్కడ నెగటివ్‌లని సరిగ్గా ఫోటోల మధ్యలోకి కత్తిరించి, ఎవరిదో పుట్టినరోజు ఫోటోలు కూడా కలిపి ఇచ్చారు. ఇంత నిర్లక్ష్యం గూఢచారులకి సాధ్యమా అనిపించింది మౌనికి. కానీ నిర్లక్ష్యం కూడా ఒక వేషమే.

మూడో ల్యాబ్ కళ్ళజోళ్ళ దుకాణం పైఅంతస్తులో ఉంది. కౌంటర్ వెనక నల్లటి పొడుగు గౌనులో, మెడ దాకా కత్తిరించిన జుట్టుతో ఒకామె భూతద్దం మీదికి వంగి నెగటివ్‌లు చూస్తోంది. వయసు నలభైకి అటూ ఇటూ. ఆమె తలెత్తి చూస్తే ఎంతటివాడైనా వచ్చిన పని మర్చిపోతాడు.

"పాత ఫిల్మ్‌కి ఇసక చల్లినట్టు గ్రెయిన్ ఎక్కువొస్తుందంటారు, నిజమేనా?" అన్నాడు మౌని. అది కోడ్.

"వెలుతురు చాలకపోతే కొత్తదానికీ వస్తుంది," అందామె. అది జవాబు. తర్వాత నవ్వింది. "చీఫ్ చెప్పారు. మీ రోల్ ఇవ్వండి."

తిరిగొచ్చిన నెగటివ్‌ల మీద దుమ్ము రవ్వ లేదు. పల్చటి కాగితపు తొడుగుల్లో వరసగా ఉన్నాయి. ప్రింటు మీద ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు పెట్టింది. "మీరు నీడలకి భయపడి వెలుతురు ఎక్కువ పెడుతున్నారు. నీడని నీడలా వదిలెయ్యండి. మొహం మీద పడే వెలుతురే కొలవండి."

మౌని తర్వాత కూడా వెళ్ళాడు. అవసరం ఉన్నా లేకపోయినా వెళ్ళాడు. ఒకరోజు తలుపులు బిగించి, ఫిల్మ్‌ని చీకట్లో రీలుకి ఎలా చుట్టాలో నేర్పిందామె. అతని వేళ్ళ మీద ఆమె వేళ్ళు ఆనాయి. "కళ్ళు తెరుచుకుని తడుముకోకండి. మూసేసుకోండి. అప్పుడు వేళ్ళు చూస్తాయి." ఏ మందు ఎంత కలపాలో, డబ్బా ఎంత నెమ్మదిగా కుదపాలో అంతా చెప్పింది. పదేళ్ళ ఉద్యోగంలో ఎవరైనా తనకి చంపడం తప్ప ఇంకేదైనా నేర్పడం మౌనికి అదే మొదటిసారి.

"నమ్మకమైన ల్యాబ్ దొరికినట్టే," అని చెప్పాడు చీఫ్‌కి.

"దొరికినట్టే అంటే దొరకలేదని. ఎర వెయ్యి. మూడు రోల్స్, మూడు మొహాలు. ఒక్కో రోల్‌లో ఒక్కో మనిషి మన రహస్య కవరు తీసుకుంటున్నట్టు ఉండాలి. కొరియర్ల రోల్స్ పంపే మన కవర్లోనే పెట్టి ల్యాబ్‌లకి ఇవ్వు. ఎవరు చస్తే ఆ మొహం చూసిన ల్యాబ్ దొంగ."

"ఎవరి మొహాలు, సర్?"

"నీ ఇష్టం. మనవాళ్ళవి మాత్రం వద్దు. మనకి మనుషులు తక్కువున్నారు."

మొదటి రెండు ల్యాబ్‌లకీ ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఎంచుకున్నాడు మౌని. మొదటి రోల్‌లో గొడుగులు బాగుచేసే కుంటివాడు. రెండోదాంట్లో కార్ల పార్కింగ్ దగ్గర టికెట్లు చింపే ఆవిడ. ఇద్దరిలో ఒకరు చస్తారని అతనికి తెలుసు. కుంటివాడు పారిపోలేడు, పని త్వరగా తేలిపోతుంది అని కూడా అనుకున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మూడోది పగడం ల్యాబ్. అక్కడ పరీక్ష పేరుకే. కాబట్టి మూడో మొహంగా అక్క భర్తని తీసుకున్నాడు.

బావ డ్రైవింగ్ స్కూల్ నడిపేవాడు. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళ పక్కన పాతికేళ్ళు కూర్చుని కూడా నవ్వడం మానని మనిషి. ఫోటో అనగానే కొత్త నల్లకోటు వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని పార్కుకి వచ్చాడు.

"ఏమోయ్ బావమరిదీ, ఈ వయసులో నీకీ పిచ్చేంటి?"

"కథలా ఉండే ఫోటోలు తీద్దామని, బావా. బెంచీ కింద కవరుంటుంది. అటూ ఇటూ చూసి తీసుకో."

"దొంగలాగానా, దొరలాగానా?"

"నీలాగే తీసుకో చాలు."

బావ కవరు తీసుకున్నాడు, జేబులో పెట్టుకున్నాడు, కెమెరా వైపు చూడకూడదని తెలిసీ చూసి కన్ను గీటాడు. "అక్కకి ఒక కాపీ ఇవ్వు. పెళ్ళప్పటి ఫోటోలో నేను పస్తులున్నవాడిలా ఉన్నానని పాతికేళ్ళుగా నస పెడుతోంది."

మూడు రోల్సూ మూడు ల్యాబ్‌లకీ చేరాయి.

గొడుగులవాడు ఎప్పట్లాగే గొడుగులు కుట్టుకుంటున్నాడు. పార్కింగ్ ఆవిడ ఎప్పట్లాగే ఎవరితోనో చిల్లర కోసం తగువు పడుతోంది. డ్రైవింగ్ నేర్పే మైదానం చివర, రెండు బ్రేకులున్న కారులో, ఎప్పుడూ తాను కూర్చునే పక్కసీట్లో బావ దొరికాడు. కుడిచేతికి గోళ్ళు లేవు. మెడ చుట్టూ ఎండకి చూపిన ఫిల్మ్ ముక్క మఫ్లర్‌లా చుట్టి ఉంది. ఆ కవర్లో ఏముందని, దాన్ని ఎవరికిచ్చావని అడిగి ఉంటారు. జవాబు తెలియని మనిషిని ఎంతసేపు అడగొచ్చో అంతసేపూ అడిగారు.

"ఫలితం వచ్చింది," అన్నాడు చీఫ్. "పగడం మనకి పనిచేస్తున్నట్టు నటిస్తూ వాళ్ళకి పనిచేస్తోంది. మంచి ఎంపిక. బంధువు కాబట్టి వాళ్ళు నమ్మారు."

మౌని టోపీ అందుకుని లేచాడు.

"ఇప్పుడామెని ముట్టుకోకు. దర్జీ ఎవరో ఇంకా తెలీదు. ఈరోజే వెళ్ళి ఫోటోలు తెచ్చుకో. ఎప్పట్లాగే ఉండు."

వెళ్ళాడు. ఎప్పట్లాగే టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ప్రింటు కౌంటర్ మీద పరిచి, కన్ను గీటుతున్న బావ మొహం చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టింది.

"ఇది చూడండి. మీరు నేర్చుకున్నారు. మొహం మీద వెలుతురు ఎంత బాగా పడిందో. ఎవరీయన?"

"మా బావ."

"ఓహో," అంది ఆమె. కన్ను కూడా ఆర్పలేదు. "మంచి మొహం. పెద్దది చేస్తే గోడకి నిండుగా ఉంటుంది. నెగటివ్ నా దగ్గర భద్రంగా ఉంచుతాను."

"ఉంచండి," అన్నాడు మౌని. టోపీ పెట్టుకుని, ఎప్పట్లాగే మెట్లు దిగాడు.

ఓడ వచ్చే రోజు పొద్దున్నే టూత్‌పేస్ట్ ట్యూబులో దాక్కుని అసలు రోల్ వచ్చింది. దానికి మూడు రోజుల ముందే చీఫ్ అలాంటిదే ఒక దొంగ రోల్ తయారుచేయించి పగడానికి పంపాడు. అందులో ఎవడో మీసాలవాడు రైఫిల్‌తో గురి చూస్తున్నాడు. ఆమె దాన్ని కడిగి, ప్రింటు వేసి, గంభీరంగా చీఫ్‌కి తెచ్చిచ్చింది. "వీడే దర్జీ అయ్యుంటాడు," అంది. "అయ్యుంటాడు," అన్నాడు చీఫ్. రేవులో పోలీసులందరి చేతుల్లోకీ మీసాలవాడి ఫోటో వెళ్ళింది. ప్రిజం ధీమాగా ఉంది.

అసలు రోల్‌ని ఇక ఏ ల్యాబ్‌కీ ఇవ్వలేరు. "నువ్వే కడుగు," అన్నాడు చీఫ్. "ఆమె నేర్పిందిగా."

మౌని గది మీద ప్రిజం కళ్ళున్నాయి. ఎవరికీ అనుమానం రాకుండా అతను రోజంతా ఉండగలిగే చోటు ఒక్కటే. అక్క ఇల్లు. పరామర్శకి వచ్చేవాళ్ళతో ముందుగది కిటకిటలాడుతోంది. మౌని సంచీతో బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టాడు. కిటికీలోంచి ఎండ పడుతోంది. మూయడానికి ఏమీ కనబడలేదు. తలుపు వెనక కొక్కేనికి బావ నల్లకోటు వేలాడుతోంది. పార్కు నుంచి వచ్చి తగిలించింది తగిలించినట్టే ఉంది. దాన్ని తీసి కిటికీకి అడ్డం కట్టాడు.

చీకటి. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు చూశాయి. ఫిల్మ్ రీలు మీదికి ఒద్దికగా ఎక్కింది. డబ్బాలో మందు పోసి కుదపసాగాడు.

తలుపు మీద చప్పుడు. "ఒరేయ్ తమ్ముడూ."

"ఆ, అక్కా."

"ఎంతసేపురా? ఏడుస్తున్నావా?"

మౌని డబ్బా కుదుపుతూనే ఉన్నాడు. ఆపితే మరకలు పడతాయి. "లేదక్కా. వస్తున్నా."

"ఏడవరా. పరవాలేదు. నీకూ ఉన్నది ఆయనొక్కడేగా." తలుపుకి అవతల ఆమె కిందికి జారి కూర్చున్న చప్పుడైంది. "అంత మంచి మనిషిని ఎవడికిరా చంపాలనిపించింది?"

అతను మందు పారబోసి, రెండో మందు పోశాడు.

కడిగిన ఫిల్మ్ బయటికి తీసి, కోటు కొద్దిగా పక్కకి జరిపి వెలుతురుకి పట్టాడు. కొరియర్ చాలని వెలుతురులో తీశాడు. నెగటివ్ గాజుముక్కలా పల్చగా ఉంది. ఒక మనిషి, ఒక తుపాకీ, మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు పొగ. ప్రింటు వేసే సమయం లేదు. విసుగ్గా చెయ్యి దించాడు. తడి ఫిల్మ్ నల్లకోటు ముందుకి వచ్చింది. పక్క నుంచి పడ్డ వెలుతురులో, వెనక ఆ నలుపు ఉండేసరికి, పొగ తిరగబడింది. తెలుపు తెలుపై, నలుపు నలుపై, ఒక్క క్షణం అసలు బొమ్మ కనబడింది.

మెడ దాకా కత్తిరించిన జుట్టు. తుపాకీ మీదికి వంగిన మొహం. భూతద్దం మీదికి కూడా ఆమె అలాగే వంగుతుంది.

దర్జీ అతను కాదు, ఆమె. పగడమే దర్జీ. ప్రతి కొరియర్ రోల్‌నీ ఆమె ఎందుకు చూడాల్సి వచ్చిందో, కొన్నిటిని చూడకుండానే ఎందుకు ఎండకి చూపించిందో అప్పుడర్థమైంది. వాటిలో దేంట్లోనైనా తన మొహం ఉండొచ్చు.

ఫోన్‌లో విషయం వినగానే చీఫ్ అందుకున్నాడు. "ల్యాబ్‌కి తాళం వేసుంది. ఓడ రేవులోకి వచ్చేసింది. పోలీసులందరూ మీసాల కోసం వెతుకుతున్నారు. నేను కాక ఆమె మొహం దగ్గర్నుంచి చూసినవాడివి నువ్వొక్కడివే. పరుగెత్తు."

తలుపు తీస్తే అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమెని దాటుకుని వెళ్ళిపోయాడు. వెనక నుంచి ఆమె పిలుస్తూనే ఉంది.

రేవులో బ్యాండు వాయిస్తోంది. ఓడ నిచ్చెన దగ్గర తాళ్ళు కట్టిన చోట ప్రెస్ ఫోటోగ్రాఫర్లు ఒకర్నొకరు తోసుకుంటున్నారు. మౌని మెళ్ళో కెమెరా, దాని మీద ఫ్లాష్‌గన్, జేబులో చీఫ్ ఎప్పుడో ఇచ్చిన ప్రెస్ కార్డు. ఒక్కో మొహమే వెతికాడు. టోపీలు, కళ్ళజోళ్ళు, జేబుల కోట్లు. అందరూ ఒకేలా ఉన్నారు. అందరి కళ్ళూ కెమెరాల వెనకే.

ప్రతినిధి నిచ్చెన మీద కనబడ్డాడు. పొట్టిగా, బట్టతలతో, గాలికి వణుకుతూ చెయ్యి ఊపాడు. ఒక్కసారిగా షట్టర్లన్నీ పేలాల్లా పేలాయి.

ఒక్క కెమెరా పేలలేదు.

రెండో వరసలో, నెరిసిన విగ్గుతో, వెడల్పాటి కళ్ళజోడుతో ఒక మనిషి మూరెడు పొడవు లెన్స్ ఎత్తి పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బటన్ నొక్కట్లేదు. లెన్స్ కింద రెండో రంధ్రం ఒకటుంది. ప్రతినిధి చివరి మెట్టు దిగేదాకా ఆ వేలు ఆగుతోంది. లెన్స్ మీదికి వంగిన ఆ తలని మౌని గుర్తుపట్టాడు, మగవేషంలో పగడం.

మౌని మోచేతులతో తోసుకుంటూ వెళ్ళాడు. ఎవరో తిట్టారు. ప్రతినిధి కాలు నేల మీద పెట్టాడు. ఆమె వేలు వంగింది. మౌని ఫ్లాష్‌గన్‌ని ఆమె లెన్స్ మూతికి ఆనించి నొక్కాడు.

ఆ మూరెడు గాజులోంచి వెలుతురంతా సూదిలా ఆమె కంట్లోకి దిగింది. లెన్స్ ఎగిరింది. గుండు ప్రతినిధి తల మీంచి పోయి బ్యాండువాళ్ళ పెద్ద డ్రమ్ములోంచి దూసుకుపోయింది. డ్రమ్మరు తాళం తప్పాననుకుని బెదురుగా కండక్టర్ వైపు చూశాడు. చప్పట్లు మోగుతున్నాయి. ప్రతినిధి నవ్వుతూ కారెక్కాడు.

మౌని ఆమె చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ఆమె కంట్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"మా బావ గోళ్ళు పీకింది నువ్వేనా?"

"వేరేవాళ్ళు," అందామె, కనబడని కళ్ళతో అతని గొంతు వైపు తిరిగి. "నేను ఫోటో ఇచ్చానంతే. మీరు నాకిచ్చినట్టే."

ఆమె చెప్పిన చిరునామాలతో ఇక్కడున్న ప్రిజం అంతా వారం తిరక్కుండా కటకటాల వెనక్కి చేరింది. చర్చలు ఏదో ఒక ఒప్పందంతో ముగిశాయి. మౌని పిస్తోలు తుడిచి పెట్టుకుని, ఆమె ఉరి ఎప్పుడని అడగడానికి చీఫ్ దగ్గరికి వెళ్ళాడు.

"ఉరా?" అన్నాడు చీఫ్. "ఉరి తియ్యడానికి ఎవరైనా దొరుకుతారు. ఫిల్మ్ ఇంత శుభ్రంగా కడిగేవాళ్ళు దొరకరు. జెరాక్స్ మెషిన్ వరండాలో పెట్టించాను."

అక్క మాత్రం వదల్లేదు. "బావ చెప్పాడురా, పార్కులో నువ్వేదో ఫోటో తీశావని. ఆయనది నవ్వు మొహంతో ఉన్న ఫోటో ఇంకొక్కటీ లేదు. అది పెద్దది చేయించి తెచ్చిపెట్టు. ఎవరితోనో వద్దు, బాగా చేసేవాళ్ళతో చేయించు."

మౌని లిఫ్ట్‌లో కిందికి దిగాడు. గార్డు తాళం తీశాడు. ఎర్రదీపం వెలుతురులో ఆమె తలెత్తింది. ఎడమకంటి మధ్యలో ఇప్పుడు ఎప్పటికీ పోని నల్లచుక్క ఒకటుంది. ఏ ఫోటో కావాలో అతను చెప్పకముందే ఆమె అరలోంచి కాగితపు తొడుగు తీసింది. నెగటివ్‌ని గుడ్డతో మెల్లగా తుడిచి, దీపం కింద పెట్టి, కాగితం మీద బావ మొహం సరిగ్గా మధ్యకి వచ్చేదాకా ఓపిగ్గా జరిపింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె మెడ మౌని చేతికి అందేంత దగ్గరలో ఉంది.

మందు పళ్ళెంలో బావ కన్ను గీటుతూ నెమ్మదిగా పైకి తేలాడు.

"చాలా బాగా వచ్చింది," అందామె. "గోడకి పెట్టే కాపీ గరుకు మ్యాట్‌లో వెయ్యనా, నున్నటి గ్లాసీలోనా?"

"గ్లాసీ," అన్నాడు మౌని. "మా అక్క రోజూ తుడుస్తుంది."